అవ్వ పాటను కంప్యూటర్లో దాచే పద్ధతి



సంక్రాంతి సెలవులకు బైర్లూటి గూడేనికి పోయినప్పుడు మా అవ్వ, తేనెకు పోయేటప్పుడు పాడే పాట ఒకటి పాడింది. మామ సెల్లులో రికార్డు చేసి తెచ్చి మన కంప్యూటర్ గదిలో వేసి చూస్తే అది ఎం4ఏ ఫైలు. పాట 4 నిమిషాలు. మధ్యలో దగ్గు, కుక్క అరుపు, గాలి హోరు.

నేను చేసిన తప్పు ముందు చెబుతాను. ఎక్కడో ఊరికే దొరికిన కన్వర్టర్‌తో దాన్ని ఎంపీ3గా మార్చి, జాగా చాలదని అసలు ఫైలు తీసేశాను. తర్వాత దగ్గు కత్తిరించి ఒకసారి, గాలి తగ్గించి ఒకసారి, సౌండు పెంచి ఒకసారి, అదే పేరుతో మళ్లీ మళ్లీ ఎంపీ3గానే సేవ్ చేశాను. చివరికి అవ్వ గొంతు రేకు డబ్బాలో నుంచి వచ్చినట్లయింది.

ఎందుకిట్లయింది? ఎంపీ3 అంటే చెవికి అంతగా ఆనని శబ్దాలను పారేసి ఫైలును చిన్నది చేసే పద్ధతి. సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంత పారేస్తుంది. వేవ్ ఫైలు అట్లా పారేయదు. సీడీ నాణ్యతలో సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి రాసుకుంటుంది. అందుకే నిమిషానికి సుమారు 10 ఎంబీ పడుతుంది. 128 కిలోబిట్ల ఎంపీ3కి 1 ఎంబీ చాలు. ఎంపీ3ని తిరిగి వేవ్ చేసినా పోయింది రాదు. బుడ్డలు గానుగాడించినాక ఆ నూనెను మళ్లీ బుడ్డలు చేయగలమా?

ఫైలును మార్చే సాఫ్ట్‌వేర్ వేరు, దిద్దే సాఫ్ట్‌వేర్ వేరు. నేను రెండూ ఒకటే అనుకున్నాను. ఇప్పుడు దిద్దడానికి ఆడాసిటీ వాడుతున్నాను. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోని, రోజర్ డానెన్‌బర్గ్ అనేవాళ్లు మొదలుపెట్టారు. 2000లో విడుదలైంది. డబ్బు కట్టనక్కరలేదు. ఒకసారి ఎక్కిస్తే నెట్ లేకున్నా పనిచేస్తుంది. (మన నెట్ సంగతి సార్లకూ తెలుసు.) ఎం4ఏ తెరవాలంటే మాత్రం ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనేది కూడా ఎక్కించాలి. అది తెలియక ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

దీంట్లో పనిని ప్రాజెక్టుగా సేవ్ చేసుకుంటూ పోయి, అన్నీ అయ్యాక ఒక్కసారే ఎంపీ3 తీయాలి. గాలి హోరు తగ్గించాలంటే, పాట మొదలుకాక ముందు ఒట్టి గాలి వినిపించే ఒకటి రెండు సెకన్లు ఎంచి, ఇదే రొద అని దానికి చూపించాలి. తర్వాత పాట మొత్తం మీద నాయిస్ రిడక్షన్ వాడాలి. ఎక్కువ వాడితే గొంతు కూడా పోతుంది. దగ్గు కత్తిరించకుండా ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తుంది, అదీ అవ్వదే కదా.

మళ్లీ పోయినప్పుడు పాడమంటే అవ్వకు ఎగరొప్పు వచ్చి రెండు చరణాలకే ఆగిపోయింది. ఆ సెల్లు ఫైలును ముట్టకుండా కంప్యూటర్లో ఒకటి, వార్డెన్ సారు పెన్‌డ్రైవ్‌లో ఒకటి పెట్టాను.