మూతపడిన మిల్లులు, చేతిపనికి నెలవులు

యంత్రశాల మూతపడిన పిదప దాని కట్టడమేమి కావలయును? పడగొట్టి యిటుకలమ్ముకొనుట యొక మార్గము. దానినే మరియొక పనికి మలచుకొనుట రెండవ మార్గము. ఐరోపా, అమెరికా ఖండములయందు అనేక నూలుమిల్లులు ఈ రెండవ మార్గముననే చిత్రకారులకును, శిల్పులకును, నేతగాండ్రకును పనిశాలలైనవి. ఇది మనకు దూరపు సంగతిగా దోచవచ్చును గాని, విచారించినచో మన కృష్ణామండలమునకు మిక్కిలి దగ్గరిది.

17వ శతాబ్దారంభమున డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును మచిలీపట్టణమున వర్తకశాలలు నెలకొల్పిరి. వారి నాకర్షించిన సరకులలో మన అద్దకపు గుడ్డ ముఖ్యమైనది. కరక్కాయ కషాయమున నానిన నూలుగుడ్డపై, బెల్లమును ఇనుమును కలిపి పులియబెట్టిన నల్లరంగును దిద్దుదురు. ఎఱుపు కావలసినచోట పటికనీరు పట్టించి చిరివేరు రసమున నుడికింతురు. పారునీట జాడించి యెండలో నారవేయుదురు. 19వ శతాబ్దమున ఇంగ్లండు మిల్లుల చౌకగుడ్డ వచ్చి యీ పనివారి జీవనము నడగద్రొక్కెను. అట్లు చేతిపనిని కూలద్రోసిన మిల్లులే నేడు కొన్ని దేశములలో చేతిపనికి నీడ నిచ్చుచున్నవి.

నూలుమిల్లు కళాకారునకేల తగును? కారణములు మూడు. మొదటిది వెలుతురు. తెగిన దారమును కనిపెట్టుటకై మిల్లులకు పెద్ద కిటికీలును, రంపపు పండ్లవంటి కప్పులును అమర్చిరి. కప్పుటద్దములు ఉత్తరపు దిక్కున కుండుటచే ఎండ సూటిగా బడక, దినమంతయు నించుమించు నొకేతీరు వెలుగు వచ్చును. రంగులు పోల్చువానికి గావలసినదదియే. రెండవది విశాలత: ఇనుప స్తంభములపై నిలిచిన శాలలలో అడ్డుగోడలు తక్కువ. మూడవది నేల: యంత్రముల బరువును, అదురును సహించిన నేల శిల్పి రాతిని సులభముగా మోయును.

అయినను పరదేశపు నమూనాను యథాతథముగా తెచ్చుకొనరాదు. విజయవాడ భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 16½ డిగ్రీల దూరమున నున్నది. కావున మే మొదటివారము మొదలు ఆగస్టు మొదటివారము వఱకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరపు వైపున నుండును. అప్పుడు ఉత్తరపుటద్దములలోనుండియే యెండ చొచ్చును. చూరు ముందుకు సాచుటయో, తెరలు కట్టుటయో తప్పదు. ఏండ్ల తరబడి నూనె పీల్చిన కొయ్యనేలలును, దూదిపీచు పేరుకొన్న సందులును నిప్పునకు లోకువ. వానిని ముందుగా శుభ్రపఱుపవలయును.

జర్మనీ దేశమున లైప్జిగ్ నగరమందు 1884లో స్థాపింపబడిన నూలుమిల్లులో నొకప్పుడు 2,40,000 కదుళ్లు తిరిగెను. నూలుపని ఆగిన పిదప చౌక అద్దెలకు చిత్రకారులు చేరిరి. నేడందు సుమారు నూర్గురు కళాకారుల పనిశాలలు గలవు. న్యూయార్కు నగరపు సోహో పేట గతి వేరు. బట్టల వర్తకులు విడిచిన గిడ్డంగులలో 1960ల ప్రాంతమున కళాకారులు చేరిరి. 1971లో వారి నివాసమునకు చట్టపు సమ్మతి దొరకెను. పేట పేరుకెక్కగనే అద్దెలు పెరిగి, అనేకులు వెడలిపోవలసివచ్చెను. గోడలు నిలిచినంతమాత్రమున కళ నిలువదు. అద్దెకు హద్దు వలయును.

మన తెలుగునాట ఓరుగల్లులో 1934లో వెలసిన ఆజంజాహీ మిల్లు ఈ శతాబ్దారంభమున మూతపడి, దాని భూమి యిండ్ల స్థలములుగా విభజింపబడెను. విజయవాడలో 1887లో పునాదిరాయి పడిన జూబిలీ భవనమునకు మేలైన గతి పట్టినది. పారిశ్రామిక ప్రదర్శనలకై కట్టిన యా భవనము 1962లో పురావస్తు ప్రదర్శనశాలయై, నేడు బాపు మ్యూజియమను పేర నిలిచియున్నది.

పెడనలో నేటికిని కలంకారి అచ్చులు గుడ్డపై బడుచున్నవి. అట్టి పనివారికి పాతశాల నీయదలచినచో వెలుతురొక్కటియే చాలదు. జాడించుటకు నీరు, ఆరవేయుటకు బయలు, రంగునీరు కాలువలో గలియకుండ కట్టుబాటు, భరింపదగిన అద్దె, ఇవన్నియు గావలయును.

విద్యార్థులారా! మీ యూర మూతపడిన బియ్యపుమిల్లో, గిడ్డంగియో యున్నయెడల, యజమాని యనుమతితో కొలిచి పటము గీయుడు. కిటికీ లే దిక్కున నున్నవో గుర్తింపుడు. అందు పనిచేసిన వృద్ధుల నడిగి, ఎచ్చట నే యంత్రముండెనో, ఎవరే పని చేసిరో వ్రాసికొనుడు. కట్టడము రేపు ఏమైనను ఆ వ్రాత యుండవలయును.