పసుపు రసముతో వెండి రేణువులు

భీమ్‌గల్, ఆర్మూరు ప్రాంతముల రైతులకు పసుపనగా తొమ్మిది నెలల కష్టము. త్రవ్వి, ఉడికించి, ఎండించి, మెరుగుపెట్టిన ఆ కొమ్మునకు వైద్యశాస్త్రమునం దేర్పడుచున్న క్రొత్త ఉపయోగ మొకటి సభ్యులకు తెలుపనెంచితిమి.

వెండికి సూక్ష్మజీవులను చంపు గుణము కలదు. కాలిన పుండ్లకు వైద్యులు వెండి కలిసిన మలామును పూయుదురు. మిల్లీమీటరులో పది లక్షలవ వంతు నానోమీటరు. వెండిని 1 మొదలు 100 నానోమీటర్ల రేణువులుగా చేసినచో, కొలది వెండికే మిక్కిలి పైభాగ మేర్పడి ఆ గుణము హెచ్చును.

ఇందులకు వాడు రసాయనములలో హైడ్రజీను వంటి విషములు కలవు. పసుపు రసమును సిల్వర్ నైట్రేటు ద్రావణమున కలిపినను ఆ పనియే జరుగును. పసుపులోని కర్క్యుమిను మొదలగునవి వెండి అయానులను లోహముగా మార్చి, రేణువులు ఒండొంటి నంటుకొనకుండ పైపూతయై నిలుచును. ద్రావణము గోధుమవన్నెకు తిరుగుటయే గుర్తు. పసుపాకులతోను ఇది సాధ్యమే. ఆ ఆకును మనము తరచుగా చేనులోనే విడుచుచున్నాము.

అయితే ఇది ఇంట చేయదగిన పని కాదు. సిల్వర్ నైట్రేటు చర్మమును కాల్చును. వెండినీరు త్రాగుచు వచ్చినవారి చర్మము నీలి బూడిదవన్నెకు మారి, సాధారణముగా మరల పూర్వస్థితికి రాదు. సంతలో ఎవరేని “నానో మందు” అని సీసా చూపినచో కొనవలదు. ప్రయోగశాలలో సూక్ష్మజీవి చచ్చుట వేరు, రోగి కుదురుట వేరు.

ఇట్టి పనికి కావలసినది రంగు పూయని పసుపు. లెడ్ క్రోమేటు అద్దిన కొమ్ములో సీసముండును. అది మందునకే కాదు, కూరకును పనికిరాదు. 2025లో నిజామాబాదున జాతీయ పసుపు బోర్డు కార్యాలయము తెరువబడినది. కొమ్ము మెరుగునే గాక, కర్క్యుమిను శాతమును పరీక్షించి ధర కట్టు ఏర్పాటును మన సంఘములు అచ్చట అడుగవలెను.