రెండో ప్రతి మీద సీలు

కర్నూలు

అబ్బీ,

నీ ఉత్తరం అందింది. మీ ఊరి చెరువు పూడికతీత బిల్లుల నకళ్లు అడిగి రెండు నెలలైందనీ, ఆఫీసు చుట్టూ తిరగలేక కాళ్లు పడిపోతున్నాయనీ రాశావు. ఇంక తిరగొద్దు. నీ దగ్గరున్న రెండో ప్రతి తీసి చూడు. ఇన్‌వర్డ్ సీలు, తేదీ, పొట్టి సంతకం ఉన్నాయా?

నేను దెబ్బతిన్నది అక్కడే. ఓ కరువేడు వేరుశనగ నష్టపరిహారం జాబితా అడగను పోతే, “ఆడ టేబుల్ మీద పెట్టిపో పెద్దాయనా” అన్నారు. పెట్టొచ్చినా. నలభై రోజులకు పోయి అడిగితే “మాకు రాలేదే!” సీలు లేదు, నా గొంతు తప్ప సాక్ష్యం లేదు.

సీలుంటే మాత్రం లెక్క తేలిక. 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబివ్వాలి; మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిందైతే 48 గంటల్లోనే. గడువు దాటితే, వాళ్లు నోరు మెదపకపోయినా, ఏడో సెక్షను దాన్ని నిరాకరణగానే లెక్కగడుతుంది. ఆ తర్వాత ఇచ్చే నకళ్లకు పైసా తీసుకోకూడదు.

‘సారు మంచోడు, రేపిస్తానన్నాడు’ అని ఆగినవాళ్లే మునిగేది. జవాబు గడువు ముగిసిన నాటి నుంచి మొదటి అప్పీలుకు నీకున్నదీ 30 రోజులే. రెండు నెలలన్నావు కదా, ఆ గడువూ గుమ్మంలోకొచ్చేసింది. దాటిపోయుంటే తగిన కారణం రాసి వెయ్యి. వినేది అదే శాఖలో పై అధికారి. పెద్దగా ఆశ పెట్టుకోకు, అయినా ఆ మెట్టు ఎక్కాల్సిందే. 30 రోజుల్లో, కారణం రాసుకుంటే 45లో తేల్చాలి. లేదంటే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు.

ఆలస్యం సబబేనని అక్కడ నిరూపించుకోవాల్సింది నీకు జవాబివ్వాల్సిన సమాచార అధికారే, నువ్వు కాదు. జరిమానా రోజుకు 250, గరిష్ఠం 25,000 రూపాయలు, ఆయన సొంత డబ్బు. అయితే కమిషన్‌లోనే మనుషులు లేకపోతే? తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా అదే గతి. అంజలీ భరద్వాజ్ కేసులో సుప్రీంకోర్టు 2019లోనే ఖాళీలు వేళకు నింపమంది. చెప్పినంత మాత్రాన నిండుతాయా!

ఇంకోటి. ‘పూడిక ఎందుకు సరిగా తీయలేదు’ అని అడిగావు. అది తగాదా, జవాబు రాదు. ఫలానా పని ఎం-బుక్ (కొలతల పుస్తకం) నకలు, బిల్లు నకలు అని అడుగు. ఉన్న కాగితం పేరు పెట్టి అడిగితే తప్పించుకోవడం కష్టం.

ఈ ఉత్తరం అందగానే సీలు మీద ఏ తేదీ ఉందో ఫోన్ చేసి చెప్పు. మసకగా ఉంటే వెలుతురులో పెట్టి చదువు.

మీ పెదనాయన