మరమ్మతు హక్కు

నాగలి కర్రు అరిగితే రైతు కమ్మరి కొలిమికి పోయేవాడు. మేడి విరిగితే వడ్రంగి సరిచేసేవాడు. అమెరికా రైతు కూడా చాలాకాలం తన ట్రాక్టరును తన కొట్టంలోనే బాగుచేసుకొన్నాడు. పానాలు, సుత్తి, కాస్త ఓపిక ఉంటే చాలు.

నేటి పెద్ద ట్రాక్టర్లలో, కోతయంత్రాలలో ఇంజను పనిని కంప్యూటర్లు అదుపు చేస్తాయి. నూనె ఒత్తిడిని, వేడిని, పొగలోని విషవాయువులను కనిపెట్టే సెన్సారులు వాటికి ఎప్పటికప్పుడు సమాచారం పంపుతుంటాయి. ఒక్క సెన్సారు చెడిపోయినా, కంప్యూటరు తెరపై ఒక సంకేత సంఖ్య చూపి ఇంజను శక్తిని తగ్గించివేయవచ్చు. రైతు కొత్త భాగం తెచ్చి బిగించినా పని జరుగుతుందన్న నమ్మకం లేదు. కొన్ని భాగాలను కంపెనీ సాఫ్ట్‌వేరుతో నమోదు చేస్తేగాని కంప్యూటరు అంగీకరించదు. ఆ సాఫ్ట్‌వేరు పూర్తిగా ఉండేది డీలరు వద్దనే. గోధుమ పంట కోతకు వచ్చి, ఆకాశంలో మబ్బులు కమ్మినప్పుడు డీలరు మనిషి కోసం ఎదురుచూడడం ఎంత కష్టమో సేద్యం ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

అమెరికాలో 1998లో వచ్చిన కాపీహక్కు చట్టం ఇటువంటి సాఫ్ట్‌వేరు తాళాలను తీయడాన్ని నిషేధించింది. పాటలను, సినిమాలను దొంగిలించకుండా ఆపవలసిన చట్టం ట్రాక్టరుకు కూడా చుట్టుకొంది! 2015లో వాహన యజమానులకు మినహాయింపు లభించింది. కాని తాళం తీసే సాధనాలను అమ్మడానికి అనుమతి రాలేదు. సాధనం లేని హక్కు రైతుకు అంతగా అక్కరకు రాలేదు.

2023 ఏప్రిల్‌లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కుకు చట్టం చేసింది. అమెరికాలో ఇటువంటి చట్టం అదే మొదటిది. 2024 జనవరి 1 నుండి అది అమలులోకి వచ్చింది. దాని ప్రకారం విడిభాగాలను, సాఫ్ట్‌వేరును, పనిముట్లను, వివరపుస్తకాలను కంపెనీలు రైతులకు, బయటి మెకానిక్కులకు కూడా అందించాలి. రైతులు పొగను అదుపుచేసే ఏర్పాట్లను తీసివేస్తారని కంపెనీలు వాదించాయి. ఆ భయం కొట్టివేయదగినది కాదు. అయితే బాగుచేయడం వేరు, మార్చివేయడం వేరు. చట్టం ఆ భేదాన్ని పాటించి, అటువంటి మార్పులకు చోటివ్వలేదు. కంపెనీలు తమ వ్యాపార రహస్యాలను బయటపెట్టనక్కరలేదని కూడా చెప్పింది. 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మరమ్మతుల విషయమై జాన్ డీర్ కంపెనీపై దావా వేసింది.

మన పల్లెలలో ట్రాక్టరును విప్పి బిగించగల మెకానిక్కులు ఇంకా ఉన్నారు. అయినా ఈ ప్రశ్న ఇక్కడికీ వచ్చింది. 2022 జులైలో భారత ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కును గురించి ఒక సంఘాన్ని నియమించింది. ఆ సంఘం ఎంచుకొన్న రంగాలలో సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలతోపాటు వ్యవసాయ పరికరాలు కూడా ఉన్నాయి.