బిట్‌కాయిన్ విరాళం తీసుకోవచ్చా?

ప్రశ్న: నలుగురు మిత్రులం ఉచిత తెలుగు కీబోర్డు యాప్ తయారుచేస్తున్నాం. అమెరికాలోని అభిమానులు బిట్‌కాయిన్ పంపుతామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: మన దేశంలో బిట్‌కాయిన్ వంటి క్రిప్టో ఉంచుకోవడం నేరం కాదు. చిక్కంతా లెక్కల్లోనే. విరాళం మీలో ఒకరి వాలెట్‌లో పడితే అది ఆయన సొంత రాబడి కిందికే వస్తుంది. బంధువులు కానివారిచ్చినవి ఏడాదిలో 50,000 రూపాయలు దాటితే మొత్తానికీ పన్ను. తర్వాత ధర పెరిగాక అమ్మితే ఆ లాభంపై మరో 30 శాతం. నష్టమొస్తే మాత్రం ఇంకో లాభంలో సర్దుకోనివ్వరు! సంఘంగా తీసుకుంటే, ఇచ్చేవారు విదేశీ పౌరులైనప్పుడు విదేశీ విరాళాల చట్టమూ చూసుకోవాలి. వికీపీడియాను నడిపే వికీమీడియా అంతటి సంస్థే 2022లో నేరుగా క్రిప్టో తీసుకోవడం మానేసింది. మీ నలుగురికి నా సలహా: వద్దు. తీసుకోక తప్పదనుకుంటే వాలెట్ చిరునామా ఇవ్వకముందే చార్టర్డ్ అకౌంటెంటును కలవండి.