సందేహాలు - సమాధానాలు: లయన్‌ఫిష్ ఎక్కడిదాకా పాకుతుంది?

మేం ఫ్లోరిడాలో ఉంటున్నాం. ఇక్కడ లయన్‌ఫిష్‌ని పట్టమని పోటీలు పెడుతున్నారు. అది మన బంగాళాఖాతంలోనూ ఉందటగా! అక్కడ లేని గొడవ ఇక్కడెందుకండీ?

మన సముద్రం దాని పుట్టిల్లు. దాన్ని చూసి తప్పుకునేవీ, మేతకు పోటీపడేవీ తరతరాలుగా పక్కనే ఉన్నాయి. అట్లాంటిక్‌లోని చిన్న చేపలకు ఈకల కుచ్చులా కనిపించే ఈ చేప తమను మింగడానికొచ్చిందనే తెలియదు. ఫ్లోరిడా తీరంలో 1985లో తొలిసారి కనిపించింది. అక్వేరియంలో పెంచి వదిలేసినవే మూలమని నిపుణుల అభిప్రాయం. బహామాస్‌లో జరిపిన ఒక ప్రయోగంలో, ఇది చేరిన చిన్న పగడపు దిబ్బల మీద కొత్త చేపపిల్లల చేరిక అయిదు వారాల్లో 79 శాతం తగ్గింది.

ఎంతదూరం పోతుందో ముందే చెప్పలేరా?

కొంతవరకు చెప్పగలం. ముఖ్యంగా చూసేది చలినీ, ప్రవాహాన్నీ. నీరు 10 డిగ్రీలకు దిగితే ఇది బతకదు. వేసవిలో న్యూయార్క్ దాకా కొట్టుకుపోయిన పిల్లలు చలికాలం దాటకపోవడం అందుకే. గుడ్ల ముద్దలు నీటి మీద తేలతాయి, వాటిలోంచి వచ్చిన పిల్లలు సుమారు నెల రోజులు ప్రవాహం వెంట పోతాయి. ఆ దారిని కంప్యూటర్‌లో లెక్కగడతారు.

ఆ లెక్కే ఒకసారి బోల్తాకొట్టింది. మధ్యధరా సముద్రంలో 1991లో ఇజ్రాయెల్ దగ్గర ఒక్క లయన్‌ఫిష్ దొరికింది. సూయజ్ కాలువే దాని దారి. మళ్లీ 2012లో లెబనాన్ దగ్గర కనిపించింది. ప్రవాహాలను లెక్కగట్టి 2014లో వెలువడిన ఒక అధ్యయనం, అక్కడ ఇది పెద్దఎత్తున వ్యాపించే అవకాశం తక్కువని తేల్చింది. మరి రెండేళ్లలో సైప్రస్‌లో స్థిరపడి, ట్యునీషియా, సిసిలీ దాకా వెళ్లింది! లెక్కవేసినవాళ్లను నేను తప్పుపట్టను. 'తక్కువ' అంటే 'లేదు' అని చదువుకునేవాళ్లతోనే నా పేచీ.

మొత్తం ఏరేయొచ్చా? పట్టింది తినొచ్చా?

ఏరేయలేం. 300 మీటర్ల లోతునా ఉంటుంది, ఈతగాళ్లు అంత కిందికి దిగలేరు. గాలానికి అంతగా పడదు, ఈటెతో పొడవాల్సిందే. కానీ బహామాస్ దిబ్బల మీద, చోటును బట్టి 75 నుంచి 95 శాతం తీసేస్తే స్థానిక చేపలు తిరిగి 50 నుంచి 70 శాతం పెరిగాయి. కాబట్టి చేపపిల్లలు పెరిగే దిబ్బలు ఎంచుకుని, అక్కడికే పదేపదే వెళ్లాలి. ఒక్కరోజు పోటీతో తీరే పని కాదు.

తినొచ్చు. ముళ్లలోని విషం మాంసంలో ఉండదు. చేపల మాంసంలో పేరుకునే సిగ్వాటెరా విషం బెడదున్న తీరాల్లో మాత్రం స్థానికులను అడగండి. ముల్లు గుచ్చుకుంటే, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి ఉంచి, వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లండి.