సిగ్గు పేరుతో దాచకూడని నొప్పి



ఈ వార్షిక సంచికలో ఆరోగ్య వ్యాసానికి మేము ఎంచుకున్న విషయం చూసి కొందరు ఇబ్బంది పడవచ్చు. మగవారి వృషణాల దగ్గర వచ్చే వాపు, దానితో ముడిపడి ఉన్న సుఖవ్యాధులు, హెచ్‌ఐవి. ఇంటిల్లిపాదీ చదివే సంచికలో ఈ మాటలు అవసరమా అని మాలో మేము కూడా చర్చించుకున్నాం. చివరికి అవసరమే అనుకున్నాం. నోరు విప్పి చెప్పుకోలేని జబ్బే మనిషికి ఎక్కువ నష్టం చేస్తుంది గనుక.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి రూపురేఖలే మారిపోయాయి. కంప్యూటర్ ఉద్యోగులతోపాటు వారిని ఆఫీసులకు చేర్చే క్యాబ్ డ్రైవర్లు, రాత్రంతా గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ గార్డులు, బండి మీద భోజనం చేరవేసే కుర్రాళ్లు, నానక్‌రామ్‌గూడ, కోకాపేట వైపు అంతస్తులు లేపే కూలీలు ఇక్కడికి చేరారు. చాలామంది వయసులో ఉన్నవారు, ఇంటికి దూరంగా హాస్టల్ గదుల్లోనో, నలుగురు కలిసి తీసుకున్న అద్దె గదుల్లోనో ఉంటున్నవారు. జ్వరం వస్తే పక్క మంచం మీది స్నేహితుడికి చెబుతారు. ఈ నొప్పి వస్తే మాత్రం ఎవరికీ చెప్పరు. మందుల షాపులో గొంతు తగ్గించి నాలుగు మాత్రలు అడిగి తెచ్చుకుంటారు. నొప్పి కాస్త తగ్గగానే అంతా అయిపోయిందనుకుంటారు. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

ఈ జబ్బు ఏమిటి?

ప్రతి వృషణం వెనుక భాగాన్ని అంటిపెట్టుకుని చుట్టలు చుట్టుకున్న సన్నని గొట్టం ఒకటి ఉంటుంది. దాని పేరు ఎపిడిడిమిస్. విప్పి చాపితే సుమారు 6 మీటర్ల పొడవుంటుంది. వృషణంలో తయారైన వీర్యకణాలు ఈ గొట్టంలో ప్రయాణిస్తూనే పక్వమై, కదిలే శక్తిని పొందుతాయి. ఈ గొట్టానికి వాపు వస్తే దాన్ని ఎపిడిడిమైటిస్ అంటారు. వాపు వృషణానికి కూడా పాకితే ఎపిడిడిమో ఆర్కైటిస్ అంటారు.

సాధారణంగా ఒక పక్కనే వస్తుంది. నొప్పి ఒకటి రెండు రోజుల్లో క్రమంగా పెరుగుతుంది. వృషణ సంచి ఎర్రబడి, వేడెక్కి, తాకితే ఓర్చుకోలేనట్లు ఉంటుంది. కొందరికి జ్వరం, మూత్రంలో మంట, మూత్రమార్గం నుంచి చీము కూడా ఉంటాయి. ఏ స్రావమూ లేకుండా వాపు మాత్రమే కనిపించేవారూ ఉన్నారు.

ఎందుకు వస్తుంది?

సుమారు 35 ఏళ్లలోపు పురుషుల్లో ఎక్కువగా క్లమీడియా, గనేరియా అనే రెండు సుఖవ్యాధుల క్రిములు దీనికి కారణం. గనేరియానే మన పెద్దలు సెగరోగం అనేవారు. ఈ క్రిములు మూత్రనాళంలో ప్రవేశించి, వీర్యనాళం గుండా వెనక్కి ప్రయాణించి ఎపిడిడిమిస్‌ను చేరతాయి. వయసు పైబడినవారిలో కారణం తరచుగా వేరు. ప్రొస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం పూర్తిగా బయటికి పోనప్పుడు, మూత్రమార్గంలో గొట్టం వేసినప్పుడు, మూత్రనాళ ఆపరేషన్ల తర్వాత, పేగుల్లో ఉండే ఈ-కొలై వంటి బాక్టీరియా అక్కడికి చేరుతుంది. మూత్రాశయం నిండి ఉన్నప్పుడు పెద్ద బరువులెత్తితే మూత్రం వెనక్కి చిమ్మి, క్రిములు లేకుండానే వాపు రావచ్చు. గుండె లయ సరిచేయడానికి వాడే అమియోడరోన్ అనే మందువల్ల కూడా కొందరికి వస్తుంది. గవదబిళ్ళలు వచ్చినప్పుడు వృషణాలు వాచడం చాలామందికి తెలిసిందే.

ఈ కారణాలన్నీ చెప్పడంలో మా ఉద్దేశం ఒకటే. వాపును చూసి మనిషి నడవడిని అంచనా వేయకూడదు. 60 ఏళ్ల పెద్దాయనకు ప్రొస్టేట్ వల్ల వచ్చిన జబ్బును చూసి గుసగుసలాడితే అది అన్యాయమైన అనుమానమే. కారణం తేల్చవలసింది పరీక్షలు. వయసు ఒక సూచన మాత్రమే.

ఆరు గంటల గడువు

వృషణంలో నొప్పి వస్తే మొదట తోసిపుచ్చవలసింది మరొక జబ్బును. వృషణానికి రక్తం తెచ్చే తీగ మెలిపడితే రక్తప్రసారం ఆగిపోతుంది. ఈ నొప్పి ఉన్నట్టుండి, తీవ్రంగా, తరచుగా వాంతులతో వస్తుంది. 12 నుంచి 18 ఏళ్ల కుర్రాళ్లలో ఎక్కువ. నొప్పి మొదలైన సుమారు 6 గంటల్లోపు ఆపరేషన్ చేసి మెలికను విప్పితే వృషణాన్ని దాదాపు ఎప్పుడూ కాపాడవచ్చు. ఆలస్యమైనకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది.

తల్లిదండ్రులు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు. అర్ధరాత్రి కొడుకు వృషణాల్లో నొప్పి అని ఏడిస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి. పిల్లవాడు సిగ్గుతో కడుపునొప్పి అని కూడా చెప్పవచ్చు. నెమ్మదిగా అడిగి తెలుసుకోండి.

రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు

ఈ జబ్బుకూ హెచ్‌ఐవికీ సంబంధం రెండు దారుల్లో ఉంది. మొదటిది, రెండూ ఒకే మార్గంలో వస్తాయి. సుఖవ్యాధి వల్ల వాచి, పుండుపడిన పొరల్లోంచి హెచ్‌ఐవి లోపలికి ప్రవేశించడం సులువు. హెచ్‌ఐవి ఉండి మందులు వాడని మనిషికి సుఖవ్యాధి కూడా తోడైతే ఎదుటివారికి అది అంటుకునే అవకాశం పెరుగుతుంది. అందుకే సుఖవ్యాధివల్ల ఎపిడిడిమైటిస్ వచ్చిన ప్రతివారికీ హెచ్‌ఐవి, సిఫిలిస్ పరీక్షలు కూడా చేయాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. డాక్టరు ఆ పరీక్ష రాస్తే అది నిందకాదు, పద్ధతి. మొదటి పరీక్షలో ఏమీ లేదని వచ్చినా, సూచన మేరకు 3 నెలల తర్వాత మరోసారి చేయించుకోవాలి.

రెండవది, హెచ్‌ఐవి ముదిరి రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో మామూలు క్రిములతోపాటు అరుదైనవీ ఎపిడిడిమిస్‌పై దాడి చేస్తాయి. క్షయ, ఫంగస్, సైటోమెగలోవైరస్ వంటివి అలాంటివే. అవయవ మార్పిడి తర్వాత మందులు వాడేవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, అదుపులో లేని మధుమేహం ఉన్నవారు కూడా జాగ్రత్తగా ఉండాలి.

మన దేశంలో క్షయను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. అది ఊపిరితిత్తులకే పరిమితం కాదు. క్షయవల్ల వచ్చిన ఎపిడిడిమైటిస్ నెమ్మదిగా పెరుగుతుంది. నొప్పి తక్కువ, గడ్డ గట్టిగా ఉంటుంది. వీర్యనాళం పూసలదండలాగా చేతికి తగలవచ్చు. ఒక్కోసారి సంచి వెనుక చర్మం చిల్లుపడి చీము కారుతుంది. సాధారణ యాంటీబయాటిక్‌లు ఎన్ని వాడినా తగ్గదు. వాపుతోపాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే క్షయ పరీక్ష తప్పనిసరి. ఇది క్షయ మందులతో నయమయ్యే జబ్బు. చికిత్స సాధారణంగా 6 నెలలు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

ఖత్నా ఉంది కదా అన్న ధీమా

మన వారిలో కొందరు, ఖత్నా అయినవారికి ఇలాంటి జబ్బులు రావని నమ్ముతారు. ఇందులో సగమే నిజం. దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాలలో జరిగి 2005 నుంచి 2007 మధ్య వెలువడిన మూడు పెద్ద పరిశోధనల్లో, ఖత్నా చేయించుకున్న పురుషులకు స్త్రీల నుంచి హెచ్‌ఐవి సోకే ప్రమాదం సుమారు 60 శాతం తగ్గినట్లు తేలింది. తగ్గింది, పోలేదు. క్లమీడియా, గనేరియాల విషయంలో ఖత్నామీద ఆధారపడదగిన రక్షణ లేదు. ఎపిడిడిమైటిస్ తెచ్చేవి ముఖ్యంగా ఆ రెండే. కాబట్టి ఈ ధీమాతో ఎవరూ లక్షణాలను తేలికగా తీసుకోవద్దు.

చికిత్స ఒకరికి కాదు, ఇద్దరికి

డాక్టరు మూత్రపరీక్ష, అవసరమైతే డాప్లర్ స్కాన్ చేయిస్తారు. సుఖవ్యాధి కారణమైతే సాధారణంగా ఒక సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్, 10 రోజుల డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తారు. మూత్రసంబంధ బాక్టీరియా కారణమైతే మందు వేరు. కాబట్టి స్నేహితుడి చీటీ చూసి మందు కొనకూడదు. విశ్రాంతి, వృషణ సంచికి ఆధారమిచ్చే బిగువైన లోదుస్తు, గుడ్డలో చుట్టిన ఐసు ఉపశమనమిస్తాయి. మూడు రోజుల్లో గుణం కనిపించకపోతే మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నొప్పి పోయాక కూడా వాపు కొన్ని వారాలు ఉండవచ్చు. వాపు తగ్గకుండా గడ్డలా మిగిలిపోతే క్యాన్సర్ కాదని నిర్ధారించుకోవాలి. మధ్యలో మందు మానేస్తే చీముగడ్డ కట్టడం, దీర్ఘకాలపు నొప్పి, గొట్టం మూసుకుపోయి సంతానం కలగకపోవడం వంటి ప్రమాదాలున్నాయి.

రమజాన్‌లో ఈ జబ్బు వస్తే ఉపవాసం కోసం మందు ఆపవద్దు. రోజుకు రెండుసార్లు వేసుకునే మాత్రను సహరీకి, ఇఫ్తార్‌కు సర్దుకోవచ్చేమో డాక్టరును అడగండి. జబ్బు తీవ్రంగా ఉంటే రోగికి ధర్మం ఇచ్చిన సడలింపు ఉండనే ఉంది.

ఇక అతి ముఖ్యమైన మాట. కారణం సుఖవ్యాధి అయితే భార్యకు కూడా పరీక్ష, చికిత్స జరగాలి. లక్షణాలు మొదలయ్యే ముందు 60 రోజుల్లో సంబంధమున్నవారందరికీ ఇదే వర్తిస్తుంది. ఇద్దరి చికిత్స పూర్తయ్యేదాకా కలవకూడదు. స్త్రీలలో క్లమీడియా చాలావరకు ఏ లక్షణమూ చూపకుండా లోపలే ఉండి, గర్భనాళాలను దెబ్బతీసి, సంతానలేమికీ, గర్భం నాళంలోనే నిలిచే ప్రమాదానికీ దారితీస్తుంది. భర్త తన పరువు కోసం దాచిన జబ్బుకు ఏ తప్పూ చేయని భార్య ఏళ్ల తరబడి మూల్యం చెల్లించడం, పైగా పిల్లలు లేరన్న నింద కూడా ఆమే మోయడం ఎంత అన్యాయమో ఆలోచించండి. తప్పు జరిగి ఉంటే అల్లాహ్ ముందు పశ్చాత్తాప పడదాం. కానీ పశ్చాత్తాపం క్రిమిని చంపదు. దానికి మందు కావాలి.

ఎక్కడికి వెళ్లాలి?

మనకు దగ్గరలో కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుఖవ్యాధుల చికిత్సకు సురక్ష క్లినిక్‌లనే ఏర్పాటు ఉంది. అక్కడ మందులను రంగుల కిట్లుగా ఉచితంగా ఇస్తారు. వృషణాల నొప్పి, వాపులకు ఇచ్చేది బూడిదరంగు కిట్. హెచ్‌ఐవి పరీక్ష ఐసీటీసీ కేంద్రాల్లో ఉచితం, రహస్యం. హెచ్‌ఐవి ఉన్నట్లు తేలితే ఉస్మానియా, గాంధీ, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రుల్లోని ఏఆర్‌టీ కేంద్రాలు జీవితాంతం మందులు ఉచితంగా ఇస్తాయి. సందేహాలకు 1097 నంబరుకు ఫోన్ చేయవచ్చు, పేరు చెప్పనక్కరలేదు. మందులు క్రమంగా వాడి రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గినవారినుంచి లైంగికంగా ఇతరులకు అది సోకదని నేటి వైద్యం స్పష్టంగా చెబుతోంది.

ఈ సమాచారం మనకు ఎందుకంటే, 2021 జాతీయ అంచనాల ప్రకారం పెద్దవారిలో హెచ్‌ఐవి దేశంలో 0.21 శాతం ఉంటే తెలంగాణలో 0.47 శాతం. ఉద్యోగం పోతుందని భయపడేవారు ఇంకో సంగతి తెలుసుకోవాలి. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం ప్రకారం హెచ్‌ఐవి ఉందన్న కారణంతో ఉద్యోగంలో గానీ, అద్దె ఇంటి విషయంలో గానీ వివక్ష చూపడం నిషిద్ధం. మనిషి సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు.

మన వంతు

హయా అంటే చెడు చేయడానికి సిగ్గుపడడం. వైద్యుడికి బాధ చెప్పుకోవడానికి సిగ్గుపడడం హయా కాదు. వైద్యం చేయించుకొమ్మని బోధించిన ప్రవక్త (స) అనుచరులం మనం. దేహం మనకు అమానతు. ఎదుటివారి లోపాన్ని కప్పి ఉంచడం కూడా మన ధర్మమే. ఎవరైనా తమ్ముడు వచ్చి ఈ బాధ చెప్పుకుంటే, ఎలా వచ్చిందని నిలదీయకండి. విన్న మాటను మీలోనే ఉంచుకుని, ఆసుపత్రికి తోడు వెళ్లండి. బయట బెంచీ మీద కూర్చుని ఎదురుచూడండి. అంతకు మించిన సేవ అతనికి ఆ రోజు మరొకటి ఉండదు.

అల్లాహ్ మన యువకులకు ఆరోగ్యాన్నీ, శీలాన్నీ ప్రసాదించుగాక. రోగులందరికీ స్వస్థత చేకూర్చుగాక. ఆమీన్.